అసెస్‌మెంటుదారు కుమారుడి అర్జీ

మహారాజశ్రీ మునిసిపల్ కమిషనర్ గారి సముఖమునకు, తమ పట్టణం పద్నాలుగో వార్డు కాపురస్తుడు, రిటైర్డు లెక్కల మాస్టారు, వయసు అరవై ఆరు, అనేక నమస్కారములు చేసి విన్నవించుకొను అర్జీ.

అయ్యా,

ఊరి పేరు రాయడం లేదు. తమకు తెలుసు, నాకూ తెలుసు. రేపు తెల్లారితే ఇదే ఊళ్లో, ఇదే కుళాయి దగ్గర నేను నీళ్లు పట్టుకోవాలి గనుక మూడోవాడికి తెలియనక్కర్లేదు.

ముందుగా ఒక మనవి. నేను పన్ను ఎగ్గొట్టే బాపతు కాను. ఏటా ఏప్రిల్ నెలలో, ఉగాది పచ్చడిలోని వేపపువ్వు చేదు నోట్లోంచి పోకముందే, రెండు అర్ధ సంవత్సరాల పన్నూ ఒక్కసారే కట్టేసి 5 శాతం రిబేటు పుచ్చుకునే జాతి మాది. 2024 ఏప్రిల్లో నాకు దక్కిన రిబేటు 217 రూపాయలు. క్యూలో రెండు గంటలు నిలబడి, వడదెబ్బ తగలకుండా ఇంటికొచ్చి, ఆ 217తో పుచ్చకాయ, మజ్జిగ ప్యాకెట్లు, తలనొప్పి మాత్రలు కొనుక్కున్నాం. ఆన్‌లైన్లో కట్టొచ్చు కదా అంటారేమో. కట్టాను ఒకసారి. డబ్బు బ్యాంకులోంచి బయల్దేరింది గానీ తమ దగ్గరికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది. అన్నాళ్లు అది ఎక్కడ ఉందో, ఎవరింట్లో భోంచేసిందో ఈనాటికీ తెలియదు.

నా బాధ కట్టడం గురించి కాదు. అర్థం కాకపోవడం గురించి.

ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. బారువడ్డీ, చక్రవడ్డీ, లాభనష్టాలు, నీళ్లతొట్టి లెక్కలు. ఒక పంపు తొట్టిని నింపుతుంటే ఇంకో పంపు ఖాళీ చేస్తుంది, ఎన్ని గంటలకు నిండును అని. (మన వాటర్ ట్యాంకుకు ఈ లెక్క పనికిరాదు. దానికి రెండో పంపు మాత్రమే ఉంది.) ఎన్నెన్ని లెక్కలు చేయించినా నా క్లాసులో ఒకటే నియమం. స్టెప్పులు చూపించాలి. జవాబు కరెక్టయినా స్టెప్పులు లేకపోతే మార్కులు లేవు. పక్కవాడి పేపర్లో చూసి రాశావన్న మాట. తమ డిమాండ్ నోటీసు చూసినప్పుడల్లా ఎర్ర సిరా పెన్ను కోసం నా చెయ్యి జేబు తడుముకుంటుంది. అందులో జవాబొక్కటే ఉంటుంది.

మా వార్డు బిల్ కలెక్టర్ నా శిష్యుడే. పదో తరగతిలో లెక్కల్లో 36 మార్కులతో గట్టెక్కినవాడు. వాణ్ని అడిగాను, "ఒరేయ్, ఈ అంకె ఎలా వచ్చిందిరా?" అని.

"అది నన్నడక్కండి మాస్టారూ. లెక్క కంప్యూటర్ వేస్తది. నేను వసూలు చేస్తా, అంతే."

"కంప్యూటర్‌కు ఎవరు చెప్పారు?"

"అదీ నన్నడక్కండి."

ఆ 36 మార్కులూ నేనే వేశాను గనుక ఊరుకున్నాను. ఊరుకుని, ఇంట్లో ఉన్న ఆధారాలతో నేనే స్టెప్పులు కట్టడం మొదలుపెట్టాను.

మా నాన్నగారు వదిలివెళ్లిన స్థిరాస్తి ఈ ఇల్లు. చరాస్తి ఒక ఇనుపతీగ. గుండ్రటి చెక్కముక్కలో నిలబెట్టిన తీగ, కొస కొక్కెంలా వంచి ఉంటుంది. ఇంటిపన్ను రశీదు వచ్చిన సాయంత్రం దాన్ని నడిమధ్యకు గురిచూసి ఆ కొక్కానికి గుచ్చేవారు. ఆ "టప్" మనే చప్పుడుతో ఆ అర్ధసంవత్సరం మా ఇంట్లో అధికారికంగా ముగిసేది. అన్నిటికన్నా అడుగున ఉన్నది 1974 నాటిది. గులాబీరంగు కాగితం, కార్బన్ మరక అంటిన నీలం రాత, పదకొండు రూపాయల అరవై పైసలు. ప్రతి రశీదుకూ మధ్యలో చిల్లి, చిల్లి చుట్టూ తుప్పు. ఒక్కోటి తీసి కళ్లద్దాలు పెట్టుకుని చదివితే నాకొక ఘోరమైన నిజం బయటపడింది. 2021 మార్చి దాకా మా కుటుంబం మా సొంత ఇంట్లో అద్దెకుంది.

నమ్మరేమో. 1965 నాటి మునిసిపాలిటీల చట్టం ప్రకారం పన్ను వేసింది ఇంటి మీద కాదు, "వార్షిక అద్దె విలువ" మీద. ఈ ఇంటిని ఎవరికైనా అద్దెకిస్తే నెలకు ఎంత వస్తుందో ఊహించాలి. ఇల్లు ఏ జోన్లో ఉంది, పెంకుటిల్లా డాబానా, ప్లింత్ ఏరియా ఎంత అని చూసి అంకె కట్టాలి. ఇల్లు పాతబడితే తరుగు. పాతికేళ్ల లోపు ఇంటికి 10 శాతం, నలభై లోపు 20, నలభై దాటితే 30. మిగిలినదాని మీద పన్ను. ఇంట్లో ఉన్నది మేం, పుచ్చుకోని అద్దె మాది, లేని ఆ అద్దె మీద పన్ను కూడా మాదే. (వయసుకు తరుగు ఇచ్చే మర్యాద ఈ చట్టానికైనా ఉంది. అరవై దాటిన నాకు మార్కెట్లో వంకాయలవాడు కూడా తగ్గించడు.)

ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. "చూశావా, ఇన్నాళ్లూ మనం మన ఇంట్లోనే అద్దెకున్నాం."

"అయితే ఆ ఇంటాయనకు చెప్పండి, పెరటి తలుపు గడియ ఊడి మూడేళ్లయింది" అంది.

సరే, గతం గతః. 2020 చివర్లో మన రాష్ట్రంలో చట్టం సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె పోయి "మూలధన విలువ" వచ్చింది. అంటే ఇల్లు అమ్మితే ఎంత అని. స్థలానికి రిజిస్ట్రేషన్ ఆఫీసు రేటు, కట్టడానికి వేరే రేటు, రెండూ కలిపి అందులో ఇంత శాతం. నివాసాలకైతే 0.10 నుంచి 0.50 లోపు, దుకాణాలూ వగైరాకు 0.20 నుంచి 2 దాకా. ఈ విధంగా 1965 చట్టం నన్ను నా ఇంట్లో అద్దెకు పెడితే, 2020 సవరణ ఆ ఇంటిని ఏకంగా అమ్మేసింది. నేను మాత్రం సామాను సర్దుకోకుండా అదే వరండాలో అదే కుర్చీలో కూర్చుని ఉన్నాను.

ఇక స్టెప్పులు. బోర్డు మీద రాసినట్టే రాస్తున్నాను, తమ సిబ్బంది దిద్దుకోవచ్చు. మా స్థలం 150 గజాలు. గజం 20,000 చొప్పున 30 లక్షలు. కట్టడం వెయ్యి చదరపు అడుగులు, తరుగు పోను అడుగుకు 800 లెక్కన 8 లక్షలు. మొత్తం 38 లక్షలు. 0.13 శాతం వేస్తే ఏడాదికి 4,940. అంతకుముందు మేం కట్టిన పన్ను ఏడాదికి 2,480. ఒక్కసారే పెంచితే గుండె ఆగుతుందని దయతలచి, ఏ ఏడు పెంచినా కిందటేడు మీద 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. మెడబట్టి గెంటకుండా చెయ్యిపట్టుకుని గుమ్మం దాకా దిగబెట్టడం లాంటిదన్న మాట.

మా వీధివాళ్లు ధైర్యంగానే ఉన్నారు. "ఏడాదికి 15 అంటే ఐదేళ్లకు 75 శాతమే కదా మాస్టారూ" అని కిళ్లీకొట్టు దగ్గర లెక్క చెప్పారు. అయ్యయ్యో అనుకున్నాను. వీళ్లలో సగంమంది నా దగ్గరే చదివారు! అది బారువడ్డీ కాదురా, చక్రవడ్డీ. 2,480 మొదటి ఏడు 2,852. రెండో ఏడు 3,280. మూడో ఏడు 3,772. నాలుగో ఏడు, అంటే 2024లో ఎక్కిన మెట్టు, 4,338. ఐదో మెట్టుకు 4,988 కావాలి గానీ అసలు గమ్యం 4,940 దగ్గరే ఉంది గనుక అక్కడ ఆగుతుంది. 48 రూపాయల దూరంలో నిలబడి చేయి ఊపుతుంది. ఐదేళ్లు 15 చొప్పున పెంచితే 75 కాదు, రెట్టింపు దాటుతుంది. ఈ లెక్క కట్టినందుకు నాకు దుఃఖమూ, కరెక్టుగా వచ్చినందుకు సంతోషమూ ఒకేసారి కలిగాయి. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో చక్రవడ్డీకి ఇంత మంచి ఉదాహరణ దొరకలేదు.

ఆ పైన రిజిస్ట్రేషన్ ఆఫీసులో గజం రేటు పెంచితే మళ్లీ మొదటికి వస్తుంది. రేటు పెరిగినరోజు మా ఇంట్లో ఏం మారిందా అని దీపం పెట్టి వెతికాను. అదే గోడ, గోడ మీద అదే చెమ్మ, చెమ్మ పక్కన అదే బల్లి.

హైదరాబాదులో మా మేనల్లుడు ఉన్నాడు. అక్కడ ఇంకా అద్దె విలువ లెక్కే. వాడు ఫ్లాటు కొని పన్నెండేళ్లయినా పాపం ఇంకా అందులో అద్దెకే ఉన్నాడు. ఏడాదికి 1,200 లోపు పన్ను పడే చిన్న ఇళ్లకు అక్కడ 101 రూపాయలు చేశారు, పెళ్లి చదివింపుల్లాగా. మన దగ్గర 375 చదరపు అడుగుల్లోపు సొంతింట్లో ఉంటే ఏడాదికి 50. ఆ సంగతి తెలిశాక టేపు పట్టుకుని మా ఇంట్లో ముందుగదీ వంటిల్లూ కొలిచాను. 375లో మా ఆవిడా, మా అమ్మా సర్దుకుంటారు. నేనూ, స్టీలు బీరువా బయట ఉండాలి.

వడ్డీ సంగతికొస్తాను. గడువు దాటితే నెలకు నూటికి రెండు రూపాయలు. ఊళ్లో ధర్మవడ్డీ అని దేన్నంటారో అదే రేటు, నోటూ లేదు, సాక్షి సంతకాలూ లేవు. బాగుంది. క్రమశిక్షణ ఉండాలి. నేనూ హోంవర్కు తేనివాణ్ని బెంచీ ఎక్కించినవాణ్నే. కానీ ఆర్థిక సంవత్సరం ముగిసే వేళకు అప్పుడప్పుడూ తమ శాఖకు కరుణ పొంగుకొస్తుంది. బకాయిలు కట్టేవాళ్లకు వడ్డీ మాఫీ అంటుంది. మా పక్కింటాయన ఎనిమిదేళ్లు ఒక్క పైసా కట్టలేదు. ప్లాన్ లేకుండా పైన ఒక అంతస్తు లేపాడు, దానికి పన్నుకు పన్నంత జరిమానా పడింది, అదీ కట్టలేదు. (ఆ జరిమానా కట్టినంత మాత్రాన అంతస్తు సక్రమం అయిపోదట. కూల్చేదాకా కట్టాలట. కూల్చరట.) ఒక మార్చిలో వడ్డీ మాఫీ రాగానే వెళ్లి తీరుబడిగా అసలు కట్టి, వస్తూ వస్తూ మా గేటు దగ్గర ఆగి, "మీరు తొందరపడి ప్రతి ఏడూ కట్టేశారు మాస్టారూ" అని జాలిపడ్డాడు. ఎనిమిదేళ్ల నా రిబేట్లన్నీ కూడినా ఆయనకు మాఫీ అయిన వడ్డీలో ఏ మూలకూ రాలేదు. కొన్ని ఊళ్లలో బకాయిదారుల ఇళ్ల ముందు డప్పులు కొట్టించారని పేపర్లో చదివాను. మా వీధికి డప్పు వస్తుందేమోనని ఆశగా చూశాను. రాలేదు. వచ్చి ఉంటే వాయిద్యం ఖర్చు నేనే పెట్టుకునేవాణ్ని.

చెత్తకు విడిగా పన్ను 2021లో వచ్చింది, 2024లో పోయింది. చెత్త అక్కడే ఉంది.

ఇప్పుడు ఎనిమిది పైసల సంగతి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని వచ్చింది. దీని మీద నాకు కోపం లేదు, గర్వం. మురుగుకాల్వ మీద పన్ను కడుతూ పుస్తకానికి కూడా ఇంత తీసి పెట్టిన ప్రభువులెవరో చల్లగా ఉండాలి. అందుకే ఒక మధ్యాహ్నం మన శాఖా గ్రంథాలయానికి వెళ్లి నా వాటా ఎలా ఉందో చూసుకున్నాను. రెండు పొడుగు బల్లలు, నాలుగు దినపత్రికలు, వాటిలో ఒకదాన్ని ముగ్గురు మూడు ముక్కలుగా పంచుకుని చదువుతున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది, దానిష్టం వచ్చినప్పుడు. లైబ్రేరియన్ మంచివాడు. "కొత్త పుస్తకాలేవి బాబూ?" అంటే, "సెస్సు రావాలండీ" అన్నాడు.

"నేను కట్టానే!"

"మీరు మునిసిపాలిటీకి కట్టారండీ. అది మా జిల్లా గ్రంథాలయ సంస్థకు రావాలి."

"మధ్యలో ఎంత దూరం?"

ఆయన కిటికీలోంచి చూపించాడు. మునిసిపల్ ఆఫీసు రోడ్డుకు అవతల ఉంది. రోడ్డు దాటడానికి నాకు ముప్పై సెకన్లు పట్టింది. ఎనిమిది పైసలకు ఎన్నేళ్లు పడుతోందో, ఒక పంపు నింపుతుంటే రెండో పంపు ఏం చేస్తోందో తమరే స్టెప్పులతో సెలవియ్యాలి.

ఇంత జరిగాక ఒక రాత్రి నాకు విప్లవభావాలు కలిగాయి. మన దేశంలో ఇంటిపన్ను మీద అలిగినవాళ్లలో మన చీరాలవాళ్లను మించినవాళ్లు లేరు. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేశారు. ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేలవుతుందని తేలింది. ఎక్కువమంది నేతపని చేసుకునే జనం. 15 శాతం పరిమితి వంటి దయాధర్మాలు ఆనాడు లేవు. మునిసిపాలిటీ వద్దన్నారు, సర్కారు వినలేదు. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నడవగా జనం వేలకు వేలుగా ఇళ్లకు తాళాలేసుకుని మునిసిపల్ హద్దు దాటిపోయారు. అవతల పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, ఎండకూ వానకూ చలికీ ఓర్చి దాదాపు పదకొండు నెలలున్నారు. పన్ను వేసినవాళ్లకు ఇళ్లు మిగిలాయి, కట్టేవాళ్లు మిగల్లేదు.

ఆ రాత్రే మా ఆవిడతో అన్నాను, "మనం కూడా హద్దు దాటిపోదాం."

"ఏ హద్దు?"

"మునిసిపల్ హద్దు. బైపాస్ అవతల."

"బైపాస్ అవతల కిందటేడే విలీనం చేశారు కదండీ" అంది. తర్వాత లైటు ఆపేసింది.

కాబట్టి అయ్యా, అలగడానికి కూడా ఇప్పుడు స్థలం దొరకడం లేదు. గజం 20,000.

ఇక అర్జీలోని అసలు ప్రార్థన. తమ రికార్డుల ప్రకారం మా ఇంటి అసెస్‌మెంటుదారు మా నాన్నగారు. ఆయన 2005లో కాలం చేశారు. ఆ తర్వాత ఈ ఇరవై ఏళ్లూ ఒక్క అర్ధసంవత్సరం తప్పకుండా పన్ను కడుతూనే ఉన్నారు. బతికున్న మా పక్కింటాయనతో పోల్చి తమరే తీర్పు చెప్పండి. పేరు మార్పిడి కోసం కిందటి శ్రావణంలో మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దస్తావేజు నకలు, బకాయిలు లేవన్న రశీదు, వార్డు సచివాలయంలో ఫీజు, అన్నీ దాఖలు చేశాను. పన్ను రశీదు ఉన్నంత మాత్రాన ఇల్లు సొంతమైపోదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. అయినా కరెంటు మీటరు నుంచి మనవడి స్కూలు దాకా అడిగేది ఆ రశీదే. అందుకని దరఖాస్తు చేశాను. అది తమ టేబుల్ మీద ఉంది. దాన్ని అక్కడే ఉంచమని ఈ అర్జీ.

కారణం చెప్పుకోవాలి. మొన్న మా బిల్ కలెక్టర్ నోటీసు తెచ్చాడు. నేను పెరట్లో గడియ బిగిస్తున్నాను. వాడు గేటు దగ్గర నిలబడి అలవాటుగా నోటీసు మీది పేరు చదివి, చివర గారూ తగిలించి, వీధంతా వినబడేలా పిలిచాడు. మా అమ్మ వరండాలో పడకకుర్చీలో ఉంది. ఎనభై ఎనిమిదేళ్లు. చెవులు దూరం, మందుల పేర్లు గుర్తుండవు. పాతకాలపు మనిషి, మొగుడి పేరు జన్మలో నోటితో పలకలేదు. జనాభా లెక్కలవాళ్లు వచ్చినా నన్నే చెప్పమనేది. ఆ పిలుపుకు మాత్రం చటుక్కున లేచి కూచుంది. చెంగు సర్దుకుంది.

"ఆయన బయటికెళ్లారు నాయనా. అబ్బాయి ఉన్నాడు, పిలవనా?"

"వద్దులెండి మామ్మగారూ, ఈ కాగితం ఇచ్చి పోతా."

"పేరు సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి చదువు."

వాడు చదివాడు. నేను సుత్తి కింద పెట్టి విన్నాను. మా నాన్నగారి పేరులో రెండు శకారాలున్నాయి. రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఏడు ఆ రెండూ సకారాలయ్యాయి. వాడు ఉన్నది ఉన్నట్టు సకారంతోనే చదివాడు. అమ్మ మొహం చిట్లించింది. దిద్దాలంటే పేరు పలకాలి, పలకదు. నావైపు చూసింది.

ఆరు నెలలకొకసారి ఈ ఇంటి ముందు ఆ పేరు గట్టిగా పిలిచేవాడు ఊరు మొత్తం మీద మీ బిల్ కలెక్టర్ ఒక్కడే.

కావున తమరు దయచేసి, నా పేరు మార్పిడి దరఖాస్తు ప్రస్తుతానికి పక్కన పెట్టి, అసెస్‌మెంటుదారు పేరులో రెండు స లూ తీసి రెండు శ లు వేయించవలెను. పన్ను స్టెప్పులు చూపించకపోయినా సర్దుకుంటాను. అక్షరాలు దిద్దడానికి ఫీజు ఏమైనా ఉంటే ఏప్రిల్లో క్యూలోనే కడతాను. రశీదు ఆయన పేరనే ఇప్పించండి, తీగ మీద ఇంకా చోటుంది.

చిత్తగించవలెను.

పై అసెస్‌మెంటుదారు కుమారుడు